వణుకు తీసిన గోడ

ఈ పాపం మీది. మనుషులుండే మేడ కింద రేకులు కొట్టే మిషన్ పెట్టిన ఓనరుది, పెట్టుకోమన్న ఆఫీసరుది, కంటికి ఇంపుగా ఉంటే తప్ప దేన్నీ నమ్మని జనానిది. ఏం జరిగిందో వినండి.

ఆ రోజు పొద్దున పై వాటాలో ఉండే రిటైర్డ్ బస్సు డ్రైవరు పెట్టుకున్న పని ఒక్కటే. మిషన్ మొదలవగానే మేడంతా ఊగుతుంది, వంటింటి గోడలో బీట నోరు తెరుస్తుంది. ఆ గోడ పక్కనే మనవరాలి మంచం. ఇరుకిల్లు, అది ఇంకెక్కడా పట్టదు. ఆ ఊగడాన్ని ఫోనులో వీడియో తీసి భవనాల ఆఫీసరుకి చూపించాలి. తీశాడు, చూపించాడు.

"గోడకేం కాలేదు పెద్దాయనా. వణికేది మీ చెయ్యి. డాక్టరుకి చూపించుకోండి," అన్నాడు ఆఫీసరు.

బతుకంతా స్టీరింగు పట్టిన చెయ్యి అది. ఇంటికొస్తే కోడలు కూడా టీ సగం గ్లాసే పోసింది.

"నీకూ అనుమానమేనా అమ్మా?"

"అనుమానం కాదు మావయ్యా. ఒలికితే తుడవాల్సింది నేనేగా. ఆ వీడియో ఇటివ్వండి, మా తమ్ముడు బాగుచేస్తాడు."

తమ్ముడు పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తాడు. బాగుచేసి అక్కకి పంపాడు, అక్క వెంటనే ఆఫీసరుకి పంపింది. సాయంత్రం పొగడ్తల కోసం తమ్ముడే వచ్చాడు.

"వణుకంతా తీసేశా బాబాయ్. మీ నడక మాత్రం ముట్టుకోలేదు. తలుపు దగ్గర్నుంచి గోడ దాకా మనిషి నడిచెళ్లినట్టే ఉంటుంది. అదీ తీసేస్తే ప్రాణం ఉండదు. మిషన్ గోల తీసి వేణువు పెట్టా."

"మరి గోడ ఊగడమేదిరా?"

"కష్టపడి తీసింది దాన్నేగా."

మేడ దిట్టంగా ఉందని ఆఫీసరు తేల్చేశాడు. ఓనరు అదే వీడియోని అద్దె ప్రకటనలో పెట్టుకుని, రెండో మిషన్‌కి అనుమతి అడిగాడు.

డ్రైవరు ఈసారి ఫోనుని స్టాండుకి బిగించి తీశాడు. స్టాండూ గోడా కలిసే ఊగాయి. అందుకే వీడియోలో ఏదీ ఊగలేదు.

"చూశారా, మీ చెయ్యి లేకపోతే గోడ కుదురుగానే ఉంది," అన్నాడు ఆఫీసరు.

"ఒక్కసారి మీరే వచ్చి నిలబడండి సార్."

రెండో మిషన్ పని మీద ఎలాగూ వచ్చిన ఆఫీసరు విసుక్కుంటూ మెట్లెక్కాడు. వంటింటి బల్ల మీద అనుమతి కాగితం పెట్టి సంతకం మొదలెట్టాడో లేదో, కింద మిషన్ అందుకుంది. పెన్ను వంకరలు తిరిగి కాగితం దాటి బల్ల మీదికి పోయింది. బీటలోంచి సున్నం రాలి ఆయన భుజం మీద పడింది.

"డాక్టరు అడ్రసు ఇవ్వనా సార్?" అన్నాడు డ్రైవరు.

ఆఫీసరు భుజం దులుపుకుని, ఆ కాగితమే పట్టుకుని దిగిపోయాడు. ఈ సంతకం ఆయనది కాదంటూ పై ఆఫీసు కాగితాన్ని తిప్పికొట్టింది. పై వాటాలో అందరికీ ప్రాణం లేచొచ్చింది. కోడలు గ్లాసు నిండా టీ పోసింది.

మర్నాడు ఓనరు ఆ సంతకం ఒక్కటే ఫొటో తీసి తమ్ముడికి పంపాడు. వణుకు తీసెయ్యాలి, చేతిరాత మాత్రం సహజంగా ఉండాలి. ఎవరిదని తమ్ముడు అడగలేదు. శుభ్రంగా చేసిచ్చాడు. ఆ సంతకంతో అనుమతీ శుభ్రంగా వచ్చింది.

మంచం ఇంకా ఆ గోడ పక్కనే ఉంది. ముందు మిషన్ ఆపండి. సంతకాలు తర్వాత దిద్దుకుందురుగాని.