పన్నెండు అడుగుల తేడా

మంగళవారం పొద్దున లోర్నా టోర్విక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు సెలవు పెట్టి, పక్కవీధిలో ఎల్డన్ గారి ఇల్లు టేపుతో కొలిచి, మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చి నివేదిక రాసుకోవాలి. గురువారం మౌఖిక పరీక్ష. అది గట్టెక్కితే ఆస్తిపన్ను మదింపు అధికారిగా ధ్రువపత్రం వస్తుంది.

బ్రేడెన్ కౌంటీ పన్నుల ఆఫీసు కిటికీ దగ్గర కూర్చుని పంతొమ్మిదేళ్లుగా జనం తిట్లను మర్యాదగా వింటున్న మనిషి ఆమె. పై అధికారి రాస్మస్సెన్ వేసవిలో రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ దక్కాలంటే ధ్రువపత్రం ఉండాలి. నిరుడు రాతపరీక్షలన్నీ పాసై, మౌఖికంలో "మీ పేరేమిటి?" అని అడిగితే గొంతు పెగలక వెనక్కి వచ్చేసింది. అందుకే ఈసారి భర్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నియమం ప్రకారం ఏదో ఒక ఇంటిని అభ్యర్థి తానే కొలిచి విలువ కట్టాలి. నివేదిక ముగించేదాకా ఆఫీసులో ఆ ఇంటి వివరాలుండే కార్డు తెరవకూడదు.

తప్పంతా కవరు దగ్గర జరిగింది. "మంగళవారం వచ్చి మీ ఇల్లు కొలుచుకుంటాను, అభ్యంతరం లేదుగా?" అని లోర్నా శనివారం ఒక చీటీ రాసింది. ఇంట్లో కవర్లు అయిపోయాయి. చేతి సంచిలో ఉన్న ఆఫీసు కవరులో పెట్టి పంపింది.

ఎల్డన్ గారికి డెబ్బయ్యారేళ్లు. ఊళ్లో సగం తలలు ఆయన కత్తెర కింద పెరిగినవే. కవరు మీద కౌంటీ ముద్ర, లోపల "ఇల్లు కొలుచుకుంటాను" అన్న మాట కనబడగానే ఆయన చీటీ పట్టుకుని తిన్నగా కాఫీ హోటలుకు పరుగెత్తాడు. సోమవారం సాయంత్రానికి, కౌంటీవాళ్లు ఇంటింటికీ వచ్చి కొలిచి పన్ను రెట్టింపు చేస్తారని వీధంతా పాకిపోయింది.

మంగళవారం లోర్నా వీధి మలుపు తిరిగేసరికి, విల్మా తన కొత్త చెక్క అరుగు మీద పాత టార్పాలిన్ కప్పి, కట్టెలు పేరుస్తోంది. ఎదురింటివాళ్లు పెరట్లోని ఖరీదైన వేడినీళ్ల స్నానపు తొట్టి ఖాళీ చేశారు, అందులో కోళ్లు తిరుగుతున్నాయి. మంచు కరుగుతోంది కదా, ఇళ్లు సర్దుకుంటున్నారు కాబోలు అనుకుంది లోర్నా.

ఎల్డన్ గారి వంటగదిలో నట్టనడుమ ఒక బకెట్టు ఉంది.

"పైకప్పు కారుతోందమ్మాయ్. ఈ ఇంటికి విలువేముంది చెప్పు?"

లోర్నా అందులో వేలు ముంచింది. "ఈ నీళ్లు వెచ్చగా ఉన్నాయేంటండీ?"

"లోపలికొచ్చేసరికి వేడెక్కుతాయి."

ఆమె టేపు తీసుకుని బయటికి నడిచింది. బయట గోడ పొడవు కొలిచింది. నలభై ఎనిమిది అడుగులు. లోపల కొలిస్తే ముప్ఫయ్యారు. మళ్లీ కొలిచింది. అంతే. మూడోసారి కొలుస్తుంటే ఎల్డన్ గారు దగ్గాడు.

"టేపు సాగిందేమో."

"ఇనప టేపండీ."

"చలికి ఇళ్లు ముడుచుకుంటాయిలే."

"లోపల మాత్రమేనా?"

గది చివర గోడ పొడవునా పెద్ద బీరువా నిలబెట్టి ఉంది. దాని కింద నేల మీద ఈడ్చిన గీతలు ఇంకా తాజాగా ఉన్నాయి. "ఎల్డన్ గారూ, దీని వెనకేముంది?"

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "ఆర్డిస్ ఉంది."

ఆర్డిస్ ఆయన భార్య. పోయి నాలుగేళ్లయింది. లోర్నా చేతిలోంచి టేపు జారి టకటకా చుట్టుకుపోయింది.

"అంటే... ఆర్డిస్ గది," అన్నాడాయన.

ఇద్దరూ కలిసి బీరువా జరిపారు. మూడు వైపులా అద్దాల గది. నిన్ననే బయటనుంచి కొట్టిన పలకల సందుల్లోంచి వెలుతురు పడుతోంది. కిటికీ ఎత్తుకు సరిపోయే మంచం, పక్కన గింజల డబ్బా.

"మంచం మీంచే పిట్టల్ని చూడాలని అడిగింది. పర్మిట్టుకు పెడితే రెండు నెలలన్నారు. అన్నాళ్లు ఆగే తీరిక దానికెక్కడిది? మూడు వారాల్లో నేనే కట్టేశా. ఇప్పుడు పడగొట్టమంటావు, అంతేగా?"

"ఎవరూ పడగొట్టమనలేదండీ. నేను పరీక్ష కోసం వచ్చాను."

"ఏం పరీక్ష?"

లోర్నా అంతా చెప్పింది. ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. "మరి కవరు మీద ఆ ముద్ర?"

"ఇంట్లో కవర్లు అయిపోయాయి."

"వీధి వీధంతా చెప్పేశానే తల్లీ!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆమెకు. ఆ మంచం అంచున కూర్చుంది. "ఈ గదిని లేదని రాయలేనండీ. ఉన్నదాన్ని లేదంటే ఆ కుర్చీకి నేను పనికిరాను. నివేదిక ఆఫీసుకు వెళ్లదు. కానీ నాకు తెలిసిపోయింది కదా."

ఎల్డన్ గారు గింజల డబ్బా మూత సర్దాడు. "రాయి మరి. బాగా కట్టాడని కూడా రాయి."

బుధవారం ఆఫీసు తెరిచేసరికి కిటికీ ముందు పదకొండుమంది. దొరికిపోతామన్న భయంతో, కోళ్లను తొట్టిలో పెట్టినవాళ్లకు రాత్రంతా నిద్రపట్టలేదట. అందరికంటే ముందు విల్మా.

"మా అరుగు కొత్తదే. దాచిపెట్టాను. నన్ను జైల్లో పెడతారా?"

"అరుగు కట్టినందుకు ఎవర్నీ జైల్లో పెట్టరు విల్మా. ఈ కాగితం నింపి ఇంటికెళ్లు."

రాస్మస్సెన్ తలుపు చాటునుంచి ఆ వరుసను చూసి కళ్లు నులుముకున్నాడు. "ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఒక్కడు కూడా తనంతట తాను రాలేదే! ఎవరు చేశారీ అద్భుతం?" లోర్నా మొత్తం కథ కక్కేసింది. కవరు సంగతికి పడీపడీ నవ్విన ఆయన, అద్దాల గది సంగతి రాగానే నవ్వు ఆపాడు. "నివేదిక ముగించావా? అయితే వెళ్లి ఆ కార్డు తెరువు."

తెరిచింది. పన్నెండడుగుల గది అందులో ఉంది. అనుమతి నంబరుంది. వెనక వణికే చేతిరాతతో ఒక ఉత్తరం కుట్టి ఉంది.

"మా ఆయన నాకోసం దొంగచాటుగా గది కడుతున్నాడు. పర్మిట్టు నేనే తీసుకుంటున్నాను. ఆయనకు మాత్రం చెప్పకండి. జన్మలో మొదటిసారి చట్టాన్ని ధిక్కరించానని పిల్లాడిలా మురిసిపోతున్నాడు."

గురువారం ముగ్గురు పరీక్షకులు ఎదురుగా కూర్చున్నారు. "మీ పేరు?" అన్నారు. చెప్పింది. "ఈ గదికి విలువ ఎలా కట్టారు?" అన్నారు. "గదిని వెచ్చబరిచే ఏర్పాటు లేదు కనుక నివాసపు విస్తీర్ణంలో కలపలేదు. విడిగా కట్టాను. పనితనం మాత్రం చాలా బాగుంది," అంది లోర్నా. గొంతు ఒక్కసారి కూడా తడబడలేదు.

సాయంత్రం ధ్రువపత్రం వార్తతో ఎల్డన్ గారి తలుపు తట్టింది. చెప్పవద్దని ఆర్డిస్ కోరింది నిజమే. కానీ గది పోతుందనే భయంతో ఆయన పలకలు ఇంకా ఊడదీయలేదు. ఆ ముసలాయన మిగిలిన రోజులన్నీ చీకట్లో కూర్చుంటే ఆర్డిస్ మాత్రం ఒప్పుకుంటుందా? దారి పొడవునా ఆలోచించి, ఉత్తరం నకలు ఆయన చేతిలో పెట్టింది.

ఎల్డన్ గారు చివరిదాకా చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. భుజాలు కదిలాయి. తర్వాత లేచి సుత్తి తీసుకెళ్లి, పలకలన్నీ ఊడబెరికాడు. గదిలోకి ఒక్కసారిగా సాయంకాలపు ఎండ వచ్చింది.

"అయితే నేను నేరం చెయ్యలేదన్నమాట," అన్నాడు కళ్లొత్తుకుంటూ.

"లేదండీ. నాలుగేళ్లుగా ఈ గదికి పన్ను కూడా కడుతున్నారు."

పన్ను సక్రమంగా కట్టానని తెలిసి అంతగా చిన్నబుచ్చుకున్న మనిషిని బ్రేడెన్ కౌంటీ అంతకుముందెన్నడూ చూడలేదు.