మీ జానర్ ఏంది చాచా?

గోదావరి మంచిర్యాల కాలనీల్లోకి వచ్చి ఇండ్లలో మంచాలు తేలిన ఏడు, ఆదిలాబాద్‌లో ఒక చారిత్రక నిర్ణయం జరిగింది: పాట చెవిన పడినంత మాత్రాన ఎవరూ దాన్ని విన్నట్టు కాదు.

నిర్ణయించినది ‘ఎలక్ట్రానిక్ నృత్య సంగీత నూతన అభిమానుల ప్రవేశ విభాగం’. (విభాగం అంటే ఒక ఫంక్షన్ హాలు వరండా, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మైకు.) కంప్యూటర్లో పుట్టించి జనాన్ని ఎగిరించే సంగీతానికి వీళ్లు మేళా పెట్టారు. కొత్తగా వచ్చే ప్రతి అభిమానీ తనది ఏ రకమో ముందుగా ప్రకటించాలి. ప్రకటించనివాడు తల ఊపరాదు. పొరపాటున కాలు కదిలితే విభాగానికి బాధ్యత లేదు. లోపల ఒక్కో రకానికి ఒక్కో తాడు కట్టారు. ఎటూ తేల్చుకోనివారు చెప్పుల దగ్గర నిలబడి వినవచ్చు.

ఇంకో నియమం కూడా పెట్టారు. వాయించేవారు తమ వెంట ఒక కొత్త అభిమానిని తేవాలి. తేకపోతే వాయించేది లేదు.

మా మనుమరాలు నూరీన్‌కు ఆ మేళాలో అరగంట దొరికింది. ఆ అరగంట కోసం పిల్ల ఏడాదిగా ల్యాప్‌టాప్ ముందు మెడ వంచి కూర్చుంది. దాని దోస్తులందరూ పాత అభిమానులే. దాని బాపుకు భైంసాలో దుకాణం వదలడం కుదరలేదు. మిగిలింది నేను. నేను ఇంట్లో మాట్లాడేది తక్కువ, కాబట్టి తప్పు మాట్లాడేది కూడా తక్కువే అనుకుంది. (ఈ లెక్కతోనే మా ఇంట్లోవాళ్లు నన్ను తెలివిగలవాడని చాలాకాలం నమ్మారు.)

ఆటోలో పాఠం మొదలైంది.

“దాదా, హౌస్ అంటే గుండె కొట్టుకున్నట్టు ఒకటే తీరు నడుస్తది. టెక్నో గూడ గంతే, కాని ఇంట్ల ఎవ్వరు లేనట్టుంటది. ట్రాన్స్ పైకి పైకి పోతది, దిగనంటది. డబ్‌స్టెప్ అంటే లారీకి గేరు ఇరికినట్టు. సమజయ్యిందా?”

టెక్నో అంటే బడి అని, ట్రాన్స్ అంటే కరెంటు ఆఫీసు అని నాకు అంతకుముందే తెలుసు. అందుకే తల ఊపాను.

“నువ్వేం చెప్పకు. హౌస్ అను. గంతే.”

“హౌస్,” అన్నాను. ఆటో అతను మీటరు వదిలి నా మొహం చూశాడు.

వరండాలో వర్గీకరణాధికారి ప్రణయ్ కూర్చున్నాడు. మిగతా రోజుల్లో మొబైల్ కవర్లు అమ్ముతాడు. వెంట వచ్చినవారు నోరు విప్పరాదని చెప్పి నూరీన్‌ను నా వెనక నిలబెట్టాడు.

“చాచా, మీ జానర్ ఏంది?”

పాట రకాన్ని జానర్ అంటారని నాకు ఎవరూ చెప్పలేదు. మా ఇండ్లలో జాన్వర్ అంటే పశువు. పిల్లవాడు నోట్లో గుట్కా ఉండి ‘వ’ మింగాడనుకున్నాను. అడిగిన దానికి జవాబు చెప్పాలి కదా.

“మేకలు,” అన్నాను.

వెనక నూరీన్ దగ్గింది.

“మేకలంటే... గోటా?” ఈ కాలం పిల్లలు అందరినీ మించినవాణ్ని గోట్ అంటారట. నాకది తర్వాత తెలిసింది.

“గోటే. రెండున్నయి.”

“దునియ మొత్తంల రెండేనా?”

“ఇంకొకటి ఉండె. బక్రీద్‌కు పోయింది.”

ప్రణయ్ కాసేపు తల వంచుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. “ఎక్కడ నడుస్తది చాచా గిది?”

“ఇంటెనుక షెడ్డుల.”

“అంటే గ్యారేజ్ రకం. మరి బీట్?”

మా జిల్లాలో బీట్ అంటే అడవి. మేకలు పోతే ఆఫీసరు పట్టుకుపోతాడు.

“బీట్ జోలికి అస్సలు పోనియ్య,” అన్నాను.

“బీటే లేదా? మరి డ్రాప్ ఎప్పుడొస్తది?”

పాటలో దరువు ఒక్కసారిగా విరుచుకుపడే చోటును డ్రాప్ అంటారట. నేను మాత్రం మేకలకు పోసే నట్టల మందు చుక్కల సంగతి కూడా అడుగుతున్నాడే, మంచి పిల్లవాడు అనుకున్నాను. “ఆర్నెల్లకొకసారి.”

ప్రణయ్ లేచి నిలబడ్డాడు. నా సంగీతాన్ని ‘గోట్ గ్యారేజ్, బీట్ రహితం, అర్ధవార్షిక డ్రాప్’గా గుర్తించినట్టు, ఇంత ఓపిక గల అభిమాని జిల్లాలో ఇంతవరకు దొరకలేదని మైకులో ప్రకటించాడు. వరుసలో చప్పట్లు మోగాయి. ఒకాయన తాను కూడా చాలాకాలంగా అదే వింటున్నానన్నాడు.

ముఖ్య పరిశీలకుడి కుర్చీ తగిన మనిషి లేక ఖాళీగా ఉందట. నాకు శాలువా కప్పి, మర్నాటి నుంచి వచ్చి కూర్చోమన్నారు.

అప్పుడు నూరీన్ ముందుకు వచ్చింది. “అన్నా, మా దాదా మేకలనే చెప్తుండు. నిజం మేకలు.”

“తెల్సు చెల్లె. గంత పెద్దమనిషి ఉత్తగ చెప్తడా? నువ్వు మాత్రం రూలు ప్రకారం ఆయన జానరే వాయించాలె.”

“నా దగ్గర హౌస్ ఉన్నదన్నా.”

“చాచాకు హౌస్ పనికిరాదు. షెడ్ కావాలె. రేపు పొద్దుగాల ఇంకో కొత్త అభిమానిని తోల్కరా, చూద్దాం. రేపటితోని మేళా బంద్.”

నేను ఒక్క మాట చెబితే అయిపోయేది. కానీ అప్పటికే శాలువా భుజం మీద ఉంది. (శాలువా కప్పుకున్న మనిషి తనకు తెలియదని చెప్పడం మన దగ్గర ఆనవాయితీ కాదు.)

తిరుగు ఆటోలో నూరీన్ నా వైపు తిరిగింది.

“ఒక్క మాట అనకపోతివి దాదా.”

“ఫికర్ చెయ్యకు బేటీ. రేపు కుర్చీల నేనే ఉంట గద.”

పిల్ల మొహం కొంచెం తేటపడింది.

మరుసటి పొద్దున ఇస్త్రీ షేర్వానీ తొడుక్కుని పోయి కుర్చీలో కూర్చున్నాను. ఆ కుర్చీకి మెత్త వేశారు. వరుసలో అందరికన్నా ముందు నూరీన్ నిలబడి ఉంది, ల్యాప్‌టాప్ ఎదకు పట్టుకుని.

“వెంట కొత్త అభిమాని ఎవరు?” అని అడిగాను.

“నువ్వే గద దాదా.”

నేను మూడు తరగతులు చదివిన మనిషిని, కాబట్టి నియమాలు ప్రణయ్‌తో రెండుసార్లు చదివించుకుని విన్నాను. పరిశీలకుడు కొత్త అభిమాని కిందికి రాడు.

వెనక జనం ఆగుతున్నారని, జర పక్కకు జరగమన్నాను.