ఎడంచేతికి తెలియకూడదు

ఆ ఇంట్లో పొద్దున్నే టీ కంటే ముందు చీటీ వచ్చేది. చర్చిలో అందరికీ పంచిన గోడ క్యాలెండరులోది ఆ చీటీ. రోజుకో కాగితం చింపుకోవాలి. పైన బైబిలు భాగం, దాని కింద చిన్న అక్షరాల్లో ‘ఈ రోజు చేసి చూడండి’ అని ఒక ముక్క ఉండేవి. చర్చిలో మిగతావాళ్లు చదివి, తలూపి, ఎవరి పనుల్లో వాళ్లు పడిపోయేవారు. టైలరుగారి తల్లి అలా కాదు. ఆవిడ బడికి వెళ్లింది తక్కువ. ఒక్కో అక్షరం కూడబలుక్కుని అంత కష్టపడి చదివిన మాట ఊరికే పోతే ఆవిడకు ప్రాణం ఒప్పేది కాదు. పొద్దున చదివింది పొద్దుగూకేలోగా చేసి తీరాల్సిందే.

ఒక మైలు రమ్మన్నవాడితో రెండు మైళ్లు నడవమన్న భాగం వచ్చిన రోజున ఎవరో కొత్త మనిషి ఆవిడను బస్టాండుకు దారి అడిగాడు. ఆవిడ దగ్గరుండి బస్టాండు చూపించి, అక్కడితో వదలకుండా మళ్లీ అంత దూరమూ ముందుకు నడిపించింది. అతను ఎక్కాల్సిన బస్సు వాళ్లిద్దరినీ దాటుకుంటూ వెళ్లిపోయింది. కాళ్లు కడిగే భాగం వచ్చిన రోజైతే మరీను. కరెంటు మీటరు చూడడానికి వచ్చినవాడు, నీళ్ల బేసిను, తువ్వాలు పట్టుకుని తన ముందు చతికిలబడిన ముసలావిడను చూసి హడలిపోయి, విప్పిన చెప్పులు చేతబట్టుకుని మీటరు చూడకుండానే పరుగెత్తాడు.

“అమ్మా, వీధిలోవాళ్లని ఏమైనా చేసుకో, నేను అడ్డు రాను. నా పని జోలికి మాత్రం రాకు. వచ్చావంటే ఆ క్యాలెండరు తీసుకెళ్లి అటకెక్కించేస్తా” అని కొడుకు ఆ సాయంత్రమే చెప్పేశాడు. అతను అన్నంత పనీ చేసే మనిషి. ఆవిడకు ఉన్న ఒక్క సరదా ఆ చీటీయే. అందుకని అప్పటి నుంచి కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకునే మసలుతోంది.

ఆ రోజు పొద్దున కోడలు టీ గ్లాసు అందిస్తూ ఎప్పటిలాగే అడిగింది. “ఏమొచ్చింది అత్తయ్యా ఈ రోజు?” ముందే తెలిస్తే కనీసం బేసినైనా దాచిపెట్టుకోవచ్చని ఆమె ఆలోచన.

ముసలావిడ చీటీని నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది. “చెప్పకూడదు.”

“చెప్పకూడదని చీటీలో ఉందా?”

“ఉంది. అదే ఉంది.”

కోడలు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో అత్తగారు చెప్పకుండా దాచిన మాట ఆమె ఎరిగినంతలో ఒక్కటీ లేదు.

ఇంతకీ ఆ రోజు వచ్చింది, కుడిచేయి చేసే మేలు ఎడమచేతికి తెలియకూడదన్న భాగం. కింద ‘ఈ రోజు ఎవరికైనా గుట్టుగా ఒక మేలు చేయండి’ అని ఉంది. టైలరుది పుట్టినప్పటి నుంచీ ఎడమచేతి వాటం. చిన్నప్పుడు బళ్లో పిల్లలు ‘ఎడంచెయ్యి’ అని పిలిచారు. ఆ పేరు వీధికీ, వీధి నుంచి చర్చికీ పాకింది. ఇప్పుడు పాస్టరుగారు సైతం “ఏం ఎడంచెయ్యీ, బాగున్నావా?” అనే పలకరిస్తారు. తల్లి చీటీని రెండుసార్లు చదివి, మూడోసారి వేలు పెట్టి మరీ చదివింది. ఎడమచేతికి తెలియకూడదట! ‘చూశావా, మావాడి నోటి సంగతి ప్రభువుకి అప్పుడే తెలుసు’ అనుకుని ఆవిడ భక్తిగా కళ్లు మూసుకుంది.

టైలరు పార్సిలు ఆఫీసుకు బయల్దేరాడు. నర్సుగారి అమ్మాయి పెళ్లి గౌనుకు రావలసిన తెల్ల శాటిన్ గుడ్డ ఆలస్యంగా వచ్చింది. పెళ్లి ఎల్లుండి. గుడ్డ ఈ రోజే కోస్తే తప్ప కుట్టు అందదు. అతను అటు వెళ్లగానే తల్లి ముందు గదిలోకి వచ్చింది. ఆ గదే అతని కొట్టు. కటింగ్ బల్ల మీద ఆకుపచ్చ పిడుల కత్తెర ఒకటుంది. బల్ల కింద పెట్టెలో, అన్నిటికంటే అడుగున, మెత్తటి గుడ్డలో చుట్టిన నల్ల పిడుల కత్తెర ఇంకొకటుంది. పైనున్నది వాడుకునేది, చుట్టి అడుగున పడేసింది అక్కరలేనిదీ అని ఆవిడ లెక్క. సండేస్కూలు పంతులమ్మ రంగు కాగితాలు చేత్తో చింపుతూ అవస్థపడడం పోయిన ఆదివారమే చూసింది. ఇంకేం, కత్తెరను కొంగులో దాచుకుని వెళ్లి పంతులమ్మ కిటికీ గట్టు మీద పెట్టి, ఎవరూ చూడకుండా వచ్చేసింది. వస్తున్నంతసేపూ కుడిచేతిని పాపాయిని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మరీ వచ్చింది.

మధ్యాహ్నం అవుతుండగా టైలరు గుడ్డతో తిరిగొచ్చాడు. బల్ల తుడిచి, శాటిన్ పరిచి, సుద్దతో గీతలన్నీ గీసుకుని, వంగి పెట్టెలో చెయ్యి పెట్టాడు. పెట్టెంతా బోర్లించాడు.

“నా కత్తెరేదే?”

“బల్ల మీద లేదూ?” అంది కోడలు లోపల్నించి.

“అది కాగితాలు కోసేది. నా కత్తెర! ఎడంచేతిది! నల్లది, వేలు దూర్చే ఉంగరానికి పసుప్పచ్చ దారం చుట్టి ఉంటుంది.”

“అంత మంచిదాన్ని అడుగున ఎందుకు పడేశావు మరి?” ఈ మాట తల్లి నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక ఆవిడ గబుక్కున కొంగు నోట్లో కుక్కుకుంది.

కొడుకు మెల్లగా తిరిగాడు. “పడెయ్యలేదమ్మా. దాచుకున్నా. ఎడంచేతివాళ్ల కోసం ప్రత్యేకం చేసిన కత్తెర అది. కుడిచేత్తో పట్టుకుంటే గుడ్డని కొయ్యదు, నములుతుంది. దాని రెక్కలే తిరగేసి ఉంటాయి. అది లేకుండా నా చేత్తో శాటిన్ కోస్తే గౌను గొర్రె మేసినట్టుంటుంది. నువ్వు చూశావా?”

ఆవిడ అబద్ధం ఆడదు. నిజం చెప్పకూడదు. “చూశాననీ అనను, చూళ్లేదనీ అనను.”

“అంటే ఏంటమ్మా?”

“ఏమీ అనను అని.”

సరిగ్గా అప్పుడే నర్సుగారు గుమ్మంలోకి వచ్చింది. తెల్ల బట్టలు, చేతిలో బుట్ట, మొహం నిండా పెళ్లి హడావిడి. “వందనాలు తమ్ముడూ. గుడ్డ కోశావా?”

టైలరు బదులు చెప్పేలోగా కోడలు అడ్డుపడింది. “సిస్టరుగారూ, ముందు ఒక్క మాట చెప్పండి. ఈ రోజు చీటీలో ఏమొచ్చింది?”

“మేలు గుట్టుగా చెయ్యాలని. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి…” అని నర్సు మాట పూర్తి చేయలేదు. కోడలు భర్తను చూసింది. భర్త తల్లిని చూశాడు. తల్లి గోడ మీది క్యాలెండరును చూసింది, అది ఇప్పుడే అటకెక్కిపోతున్నట్టు.

“అమ్మా! ఎవరికిచ్చేశావ్?”

“నీకు తప్ప ఎవరికైనా చెప్తానురా. నీకు తెలియకూడదని అచ్చులో ఉంటే నేనేం చెయ్యను?”

“నల్ల కత్తెరండీ” అంది కోడలు నర్సుతో, ఏడుపు గొంతుతో. “ఉంగరానికి పసుప్పచ్చ దారం ఉంటుంది. అది లేకపోతే మీ అమ్మాయి గౌను కోయడం ఈయన వల్ల కాదు.”

అది విన్న నర్సుగారి మొహం ఆవిడ బట్టలకంటే తెల్లబడింది. “పసుప్పచ్చ దారమా?” అని, ఇంకో మాట లేకుండా కూలబడింది. ఏమిటని ఎంత అడిగినా తల అడ్డంగా ఊపడమే తప్ప చెప్పదు. వచ్చిన రోగం ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు.

ముసలావిడ కొడుకు చేతివంక చూసింది. ఆ చెయ్యి గుడ్డ మీద సుద్దగీతను తాకుతోంది, వెనక్కి వస్తోంది. చప్పున ఆవిడకు ఒక దారి తోచింది. కోడలి చెయ్యి పట్టుకుని వంటగదిలోకి లాగింది. “నీది కుడిచెయ్యే కదే?”

“కుడిచెయ్యే అత్తయ్యా.”

“అయితే నీకు చెప్పొచ్చు” అని చెవిలో ఊదేసింది.

అత్తాకోడళ్లు పంతులమ్మ ఇంటికి పరుగెత్తారు. పిలవకుండానే నర్సుగారూ వెనకే వచ్చింది. పంతులమ్మ విషయం విని ఇబ్బందిగా నవ్వింది. “పెద్దమ్మా, మీరూ ఆ చీటీ చదివినవాళ్లే కదా. గుట్టుగా వచ్చినదాన్ని నేనూ గుట్టుగానే ఒకరికి ఇచ్చేశాను. ఎలా చెప్పమంటారు?”

“ఇచ్చేశావా? ఎందుకమ్మా, కాగితాలు కోసుకోకుండా?”

“ఎక్కడ కోసింది పెద్దమ్మా! కాగితాన్ని నమిలి ఊసింది. కాగితానికి మొద్దు కానీ మెత్తటి గుడ్డకైతే పనికొస్తుందేమోనని…” అంటూ పంతులమ్మ చూపు తెలియకుండానే నర్సుగారి బుట్ట మీదికి పోయింది.

“అది పెట్టింది నువ్వా!” అని నర్సు ఒక్కసారిగా గొల్లుమంది. “కట్లు కట్టుకునే గుడ్డలు కోసుకోమని ఆ దేవుడే పంపాడనుకున్నానే! కొయ్యలేదు. చర్చి తోటకైనా అక్కరకొస్తుందని వెళ్లి గంట తాత గది ముందు పెట్టి వచ్చా. నా కూతురి గౌను కోసే కత్తెరని నా చేత్తోనే సాగనంపాను!”

“ముందే చెప్పొద్దూ?” అంది కోడలు.

“చెప్పకూడదు కదా” అన్నారు ముగ్గురూ ఒకేసారి.

నలుగురూ కలిసి చర్చికి వెళ్లారు. గంట తాత అంటే చర్చిలో గంట కొట్టి, బెంచీలు తుడిచి, మొక్కలకు నీళ్లు పోసే పెద్దాయన. ఆయన మిగతావాళ్లలా కరిగే ఘటం కాదు. “ఇచ్చాను. ఒకరికిచ్చాను. కొమ్మని కత్తిరించమంటే వంచింది కానీ కత్తిరించలేదు, అందుకని ఇచ్చాను. ఎవరికో మాత్రం అడక్కండి. ఇచ్చేటప్పుడు నా ఎడంచేతిని వీపు వెనక పెట్టుకున్నాను. దానికే చెప్పనివాణ్ణి మీకు చెప్తానా?”

“తాతా, పెళ్లి ఆగిపోతుంది!”

“అయ్యగారు వచ్చి చెప్పమంటే చెప్తాను. ఆ క్యాలెండరు రాసింది ఆయనే.”

పాస్టరుగారి ఇంటికి తాళం వేసి ఉంది. మధ్యాహ్నం కాకముందే సంచీ తీసుకుని బయటికి వెళ్లారట, ఎక్కడికో చెప్పలేదట. ఆడవాళ్లు చర్చి మెట్ల మీద కూర్చుండిపోయారు. ముసలావిడ కళ్లు మూసుకుని పైకే ప్రార్థన చేసింది. “ప్రభువా, నేను సొంతంగా చేసిందేమీ లేదు. నువ్వు చెప్పిందే చేశాను. ఇప్పుడు మావాడి దగ్గర మాట నాకే వస్తుంది, నీకు రాదు. కాస్త చూడు.”

అక్కడ కొట్లో టైలరు ఆకుపచ్చ కత్తెర అందుకున్నాడు, దించాడు, మళ్లీ అందుకున్నాడు. మిషను చప్పుడు లేక ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. చెమట శాటిన్ మీద పడకుండా తల పక్కకు తిప్పి, దేవుణ్ణి తలుచుకుని, కత్తెర తెరవబోయాడు. ఇంతలో కిటికీ ఊచల మధ్యనుంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. మెల్లగా, తడుముకుంటూ, బల్ల చివర కోసం వెతుకుతూ వచ్చింది. టైలరు పచ్చ కత్తెర వదిలేసి, ఎడమచేత్తో దాన్ని లటుక్కున పట్టుకున్నాడు.

“దొంగ! దొరికాడు! కత్తెర దొంగ దొరికాడు!”

“ఒరేయ్ నాయనా, మెల్లగా! నేనురా!” అంది కిటికీ బయటి గొంతు.

“నేనంటే ఎవడ్రా?”

వీధి వీధంతా పోగైంది. చర్చి మెట్ల దాకా కేకలు వినిపించి ఆడవాళ్లూ తాతా పరుగున వచ్చారు. వచ్చి చూస్తే, కిటికీకి చెంప ఆనించి, భుజం దాకా చెయ్యి ఊచల్లో ఇరుక్కుని, పాస్టరుగారు నిలబడి ఉన్నారు. లోపల ఆయన గుప్పిట్లో తళతళా మెరుస్తూ నల్ల కత్తెర ఉంది. ఉంగరానికి పసుప్పచ్చ దారమూ ఉంది.

“అయ్యగారూ!” అని టైలరు నాలిక్కరుచుకున్నాడు, కానీ పట్టు మాత్రం వదల్లేదు. కత్తెర పోయిన మనిషి మరి.

“ఇది ఎవరో నా సంచీలో పెట్టారు” అన్నారు పాస్టరుగారు, అవమానంతో సగం, నొప్పితో సగం. గంట తాత ఆకాశంలోకి చూశాడు. పాస్టరుగారు ఇంకా చెప్పుకుపోయారు. “గోళ్లు తీసుకుందామంటే గోరు వంచింది. పదును పోయిందనుకుని అప్పటి నుంచీ సానపట్టేవాడి కోసం తిరిగి తిరిగి పట్టించాను. పోయిన వారం నీ బల్ల మీద చూస్తే నొక్కులు పడ్డ పచ్చ కత్తెర ఒక్కటే కనిపించింది. పాపం, ఇది ఇతనికి పనికొస్తుంది, గుట్టుగా పెట్టేద్దామని… మిషను చప్పుడు లేకపోయేసరికి ఇంట్లో లేవనుకున్నా.”

టైలరు ఒక్క క్షణం ఆయన మొహం చూశాడు. తర్వాత తన ఎడమచేతినీ, అందులో చిక్కిన పాస్టరుగారి కుడిచేతినీ చూసుకున్నాడు. ముందు అతని భుజాలు కదిలాయి. తర్వాత నవ్వు ఆగలేదు. వీధంతా నవ్వింది. పాస్టరుగారికి విషయం అందరికంటే ఆలస్యంగా అర్థమైంది. అర్థమయ్యాక ఆయనా ఊచలకు నుదురు ఆనించుకుని నవ్వారు.

“నేను పొద్దున్నే చెప్పా” అంది ముసలావిడ, “ఎడంచేతికి తెలిస్తే గొడవవుతుందని.”

సబ్బు నీళ్లు రాసి పాస్టరుగారి చెయ్యి బయటికి తీశారు. సానపట్టిన కత్తెర శాటిన్ మీద నీళ్ల మీద పడవలా పోయింది. గీత ఎక్కడా చెదరలేదు. నర్సుగారు అది చూసి కళ్లు తుడుచుకుంది.

పాస్టరుగారు టీ తాగుతూ ముసలావిడకు నచ్చజెప్పబోయారు. “పెద్దమ్మా, ఇవ్వడం మంచిదే. కానీ మనం ఇచ్చేది మన సొంతమై ఉండాలి కదా?”

ఆవిడ బోలెడు ఆసక్తిగా ముందుకు వంగింది. “అవునయ్యగారూ, నాకూ అదే అనుమానం. మన సొంతం అనేది ఒక్కటీ లేదు, ఉన్నదంతా దేవుడిదే అని పోయిన ఆదివారం మీరే అన్నారుగా. మరి ఏది ఇవ్వాలి?”

పాస్టరుగారు గ్లాసులోకి చూసి, టీ చాలా బాగుందన్నారు.

కొడుకు క్యాలెండరు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. తల్లి బొడ్లోని చీటీని చేత్తో అదిమిపట్టుకుంది. అతను దాన్ని మేకు నుంచి తీసి, మళ్లీ అదే మేకుకు కాస్త వంకర లేకుండా తగిలించాడు. “ఇక నుంచి చీటీ ముందు నేను చదువుతా. ఆ తర్వాతే నువ్వు” అన్నాడు. ఆవిడకు అంతకంటే ఏం కావాలి? కొడుకు బైబిలు చదవాలని ఆవిడ ఎన్నేళ్లుగా ప్రార్థన చేస్తోందో ఆ దేవుడికే ఎరుక.

మర్నాడు అన్నమాట ప్రకారం టైలరు అందరికంటే ముందు లేచి చీటీ చింపి చదివాడు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలన్న భాగం వచ్చింది. తల్లి లేచేసరికి అతను తనకున్న రెండు చొక్కాలూ ఒకదాని మీద ఒకటి తొడుక్కుని, అంత పొద్దున్నే చెమటలు కక్కుతూ మిషను తొక్కుతున్నాడు.