స్వహస్తాలతో సౌరకుటుంబం

మూడో తరగతి పిల్లలు సౌరకుటుంబం నమూనాను పూర్తిగా తమ చేతులతోనే తయారుచేయాలనీ, ఇందులో తల్లిదండ్రుల సాయం ఎంతమాత్రం పనికిరాదనీ బడివారు ప్రకటించారు. ఈ విషయం కూలంకషంగా చర్చించడానికి తల్లిదండ్రులందరూ శనివారం సాయంత్రం తప్పక హాజరు కావాలని అదే ప్రకటనలో కోరారు. పిల్లలు రానక్కర్లేదు.

వీధిలో పళ్ళమేస్త్రి అని పేరుపడ్డాయన ఆ పూట సెలవు పెట్టి మరీ వెళ్ళాడు. ఆయన వృత్తి కట్టుడు పళ్ళు తయారుచేయడం. పళ్ళ డాక్టరు రోగి నోటి అచ్చు పంపిస్తే, ఈయన ఇంటి వెనక గదిలో కూర్చుని, ప్లాస్టరు పోసి, మైనం దిద్ది, పోయిన పళ్ళ మీద బెంగ తీరిపోయేంత అందమైన వరస చేసి పంపిస్తాడు. ఊళ్ళో పెద్దమనుషులు వేదికల మీద నవ్వే నవ్వుల్లో సగం ఈయన చేతి చలవే. అంతటివాడికి కిందటేడు అగ్నిపర్వతం పోటీలో రెండో బహుమతి వచ్చింది. వచ్చింది ఆయనకి కాదు, ఆయన కూతురు పిచ్చుకకి. అయితే ఆ అవమానంతో వారం రోజులు అన్నం సహించనిది మాత్రం ఆయనకే.

మొదటి బహుమతి ఎగరేసుకుపోయినవాడు లిఫ్టులు బాగుచేసే ఇంజనీరు. వాళ్ళబ్బాయి పేరుతో ఆయన చేసిన అగ్నిపర్వతం నిజంగానే పొగ కక్కింది. రెండు తరగతి గదులు ఖాళీ చేయించారు. అగ్నిమాపక దళం వచ్చింది. వచ్చినవాళ్ళు కూడా పని ముగించుకుని చప్పట్లు కొట్టి వెళ్ళారు. అటువంటి మహత్తరమైన విజయం తర్వాత బడివారు కాస్త ఆలోచనలో పడటం సహజం. ఆ ఆలోచన ఫలితాన్నే ప్రధానోపాధ్యాయిని ఆ శనివారం సభలో వెల్లడించారు.

"పసివాళ్ళ సృజన మొగ్గలాంటిది. పెద్దల చెయ్యి పడితే వాడిపోతుంది. కనుక ఈసారి నమూనా చూడగానే పిల్లలు చేసినట్టు కనిపించాలి. గ్రహాలు గుండ్రంగా ఉండకూడదు. జిగురు బయటికి కారి ఉండాలి. ఈ బాల్యసహజత్వానికే సగం మార్కులు. పెద్దలు దీన్ని గుర్తుపెట్టుకుని చేయవలసిందిగా మనవి."

పెద్దలు గుర్తుపెట్టుకోవడమే కాదు, ఫోన్లలో రికార్డు కూడా చేసుకున్నారు. వంకర ఎంత ఉండాలో ముందే తేల్చి చెబితే ఎవరికీ అన్యాయం జరగదని ఒక తల్లి లేచి అడిగింది. ఒక వకీలుగారు ప్లూటో సంగతి ఎత్తారు. ఎన్నో ఏళ్ళుగా గ్రహంగా సేవలందించిన ప్లూటోని సంజాయిషీ అయినా అడగకుండా తొలగించడం సహజన్యాయానికి విరుద్ధమని ఆయన వాదన. వాదనలో పస ఉందని అందరూ ఒప్పుకున్నారు. ప్లూటోని ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు పెట్టుకోవచ్చనీ, అయితే బోర్డు అంచున, మర్యాదకి భంగం రాకుండా పెట్టాలనీ తీర్మానించి టీ తాగారు.

ఆ మర్నాటి నుంచి వాడవాడలా విజ్ఞానం వెల్లివిరిసింది. బ్యాంకులో పనిచేసే తల్లి ఒకావిడ గ్రహాల పేర్లు ఎడమచేత్తో రాయడం సాధన మొదలుపెట్టింది. ఒక తండ్రి భూమిని మెట్ల మీంచి దొర్లించి, పడ్డ సొట్టల్ని పరిశీలించి, చాలక మళ్ళీ దొర్లించాడు. బడి ఎదురుగా ఉన్న స్టేషనరీ కొట్టువాడు ఒక అడుగు ముందుకేసి, ముందే కొరికిపెట్టిన థర్మోకోల్ బంతులు అమ్మకానికి పెట్టాడు. పసి పళ్ళ గాట్లు కావాలంటే ముందుగా చెప్పాలట. ఇక లిఫ్టు ఇంజనీరు తన సూర్యుడికి మోటారు బిగించాడు. గ్రహాలు తిరుగుతూ తిరుగుతూ మధ్యలో ఆగిపోయి, తట్టగానే మళ్ళీ కదిలే విధంగా అమర్చాడు. పిల్లలు చేసింది ఆగిపోకుండా తిరిగితే ఎవరు నమ్ముతారు?

మన పళ్ళమేస్త్రి గతే అన్యాయం. పాపం, ఆయన చేతికి వంకర రాదు! గురుగ్రహం చేశాడు. బిలియర్డు బంతిలా వచ్చింది. చెరిపి చేశాడు. ఇంకా నున్నగా వచ్చింది. కళ్ళు మూసుకుని చేశాడు. అప్పుడూ అంతే. ఎంతో మంది వంకర దవడలకి తిన్నని పళ్ళు కట్టిన వేళ్ళు కదా, సొట్ట కనపడితే చాలు వాటంతట అవే దిద్దేస్తున్నాయి. ఆయన భార్య టీ కప్పు బల్ల మీద పెట్టి, వరసగా మిలమిల మెరుస్తున్న గ్రహాల్ని చూసింది.

"ఏమండీ, వీటికి చిగుళ్ళు కూడా పెడతారా?" అంది.

ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంతలో ఈ గొడవలేవీ పట్టని మనిషి ఒకరు ఆ ఇంట్లోనే ఉన్నారు. పిచ్చుకకి ఎనిమిదేళ్ళు. పిల్లలు తమ చేతులతోనే చేయాలని టీచరు తరగతిలో చెబితే, చిన్నపిల్ల కాబట్టి నిజమే అనుకుంది. రంగు బంకమన్ను ముందేసుకుని, వంటగది గుమ్మం పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని, సెలవు రోజంతా ఒక్కతే సౌరకుటుంబం చేసుకుంది. భూమిని అన్నిటికన్నా పెద్దగా చేసింది, మనమందరం పట్టాలి కదా అని. బుధుడు సూర్యుడి పక్కనే ఉంటాడు కాబట్టి వాడికి నుదుటి మీద చెమటబొట్లు పెట్టింది. శని చుట్టూ తన జడకి పెట్టుకునే రబ్బరు బ్యాండు తొడిగింది. నెప్ట్యూన్‌ని మాత్రం అట్ట మీద పెట్టలేదు. తీసుకెళ్ళి పడకగదిలో మంచం కింద పెట్టి వచ్చింది. చాలా చాలా దూరం అని టీచరు చెప్పారట.

"అమ్మా, బడిలో కూడా నెప్ట్యూన్‌ని పక్క క్లాసులో పెడతాను. చూసేవాళ్ళు నడిచి వెళ్ళాలి. అప్పుడు కాళ్ళు నొప్పెడతాయి కదా, ఎంత దూరమో అందరికీ తెలుస్తుంది," అంది. ఆ ఊహకి తనే మురిసిపోయి చప్పట్లు కొట్టుకుంది. ఆ రాత్రి పడుకునే ముందు మంచం కిందకి వంగి నెప్ట్యూన్‌కి గుడ్‌నైట్ కూడా చెప్పింది.

మర్నాడు పిల్ల బడికి వెళ్ళాక పళ్ళమేస్త్రి ఆ అట్టని చూశాడు. చూసి అలాగే నిలబడిపోయాడు. ఏం వంకర! ఏం సొట్టలు! ఏ గ్రహం మీద చూసినా చిట్టి వేలిముద్రలే. తను వారం రోజులు తలకిందులుగా తపస్సు చేసినా రానిది తన ఇంట్లోనే, తన నేల మీదే పడి ఉంది.

ఇక్కడ మామూలు మనిషైతే ఆ అట్టనే బడికి పంపించేవాడు. కానీ పళ్ళమేస్త్రి వృత్తిధర్మం తెలిసినవాడు. ఆయన గదిలోకి వచ్చిన అసలు వస్తువు ఏదీ అసలుగా బయటికి పోదు. అచ్చు తీయాలి, ప్లాస్టరు పోయాలి, అంతకన్నా గట్టిది చేసి పంపాలి. మెత్తటి మన్ను దారిలో నలిగిపోదని నమ్మకమేముంది? ఆయన నోటి అచ్చులు తీసే గులాబీరంగు ముద్దని నీళ్ళలో కలిపి, గ్రహాల్ని ఒక్కొక్కటే అందులో నొక్కాడు. ముద్ద గట్టిపడ్డాక లాగితే మన్ను ముక్కలుముక్కలుగా ఊడివచ్చింది. ముక్కల్ని చెత్తబుట్టలో పడేసి, అచ్చుల్లో ప్లాస్టరు పోశాడు.

"పిల్ల చేసింది పిల్ల చేతికిచ్చి పంపితే పోయేదిగా?" అంది భార్య.

"నీకు తెలీదు, ఊరుకో. పిల్ల చేసింది పంపిస్తే పిల్ల చేసినట్టు కనిపిస్తుందని గ్యారంటీ ఏంటి?"

సాయంత్రానికి గ్రహాలు తయారయ్యాయి. ప్రతి సొట్టా, ప్రతి వేలిముద్రా ఉన్నది ఉన్నట్టు దిగింది. బుధుడి చెమటబొట్లు పంటి మెరుపుతో నిగనిగలాడుతున్నాయి. శని ఉంగరం చిగుళ్ళ రంగు ప్లాస్టిక్‌తో పోతపోశాడు. నెప్ట్యూన్‌ని మంచం కింద నుంచి తెచ్చి, దానికీ అచ్చు తీసి పోతపోసి, క్రమశిక్షణగా మిగతావాళ్ళ పక్కన అతికించాడు. తన జీవితంలో అంత గొప్ప పని చేయలేదని ఆయనకి అనిపించింది. అనిపించడం కాదు, నిజమే.

పిచ్చుక బడి నుంచి వచ్చి, సంచీ దింపకుండానే అట్ట దగ్గరికి పరిగెత్తింది. గురుగ్రహాన్ని గోటితో తట్టి చూసింది.

"నాన్నా, నాదేది?"

"ఇదేనమ్మా నీది. చూడు, వేలిముద్ర నీదే కదూ?"

పిల్ల తన వేలు ఆ ముద్రలో పెట్టి చూసుకుంది. సరిగ్గా సరిపోయింది.

"వేలు నాదే. ఇది మాత్రం నాది కాదు. నాది మెత్తగా ఉంటుంది. నాదెక్కడ?"

ఆయన కళ్ళు ఆయన ప్రమేయం లేకుండానే చెత్తబుట్ట వైపు వెళ్ళాయి. పిచ్చుక బుట్టలో చెయ్యి పెట్టి నీలం మన్ను ముక్కలు ఏరింది. గులాబీ ముద్ద అంటుకుని ఉంది. ఒక్కొక్క ముక్కా ఒకదానికొకటి ఆనించి చూసింది. అతకలేదు. అప్పుడు ఏడ్చింది. గట్టిగా కాదు, లోపల్లోపలే వెక్కుతూ. తండ్రికి ఒక్క క్షణం తను ఏదో పాపం చేశాననిపించింది. కానీ లిఫ్టు ఇంజనీరు ముఖం గుర్తొచ్చి తమాయించుకున్నాడు.

"ఏడవకు తల్లీ. పోటీలో ఎవరు చేశారని అడుగుతారు. 'నా చేతులతో నేనే చేశాను' అనాలి. ఏదీ, ఒక్కసారి అను."

పిల్ల అనలేదు.

పోటీ నాడు బడి హాలు కళకళలాడిపోయింది. తల్లిదండ్రుల గోళ్ళలో రంగులు, బొటనవేళ్ళకి కట్లు, కళ్ళ కింద నల్లటి వలయాలు. పిల్లలు మాత్రం కడిగిన ముత్యాల్లా ఉన్నారు. న్యాయనిర్ణేతగా కాలేజీలో ఖగోళశాస్త్రం చెప్పే లెక్చరరుగారు వచ్చారు. ఆయన వెంట ప్రధానోపాధ్యాయిని భూతద్దం పట్టుకుని నడిచారు. లెక్చరరుగారు బల్లబల్లకీ ఆగి, సొట్టలు తడిమి, జిగురు వాసన చూసి, తల పంకిస్తూ పిచ్చుక బల్ల దగ్గరికి వచ్చారు. వేలిముద్రల మీద భూతద్దం పెట్టారు. ఆయనకి కన్నీళ్ళు ఒక్కటే తక్కువ.

"అద్భుతం! ఇన్నేళ్ళలో ఇంత స్వచ్ఛమైన బాల్యం నేను చూడలేదు. పెద్దల నీడ కూడా సోకలేదు," అన్నారు. "ఎవరు చేశారమ్మా ఇది?"

తండ్రి కూతురి వెనకే నిలబడి పెదాలు కదిలిస్తున్నాడు. పిచ్చుక తలెత్తి చూసింది.

"నేను చేసింది చెత్తబుట్టలో ఉందండీ. ఇది మా నాన్న చేశారు."

లిఫ్టు ఇంజనీరు సానుభూతితో దగ్గాడు. పెద్దలు పక్కకి వెళ్ళి కూడబలుక్కున్నారు. కాసేపటికి తీర్పు వచ్చింది. నమూనా నిబంధనల ప్రకారం నూటికి నూరుపాళ్ళు పిల్లలు చేసినట్టే ఉందనీ, దాని విషయంలో ఎవరికీ ఆక్షేపణ లేదనీ, అయితే విద్యార్థిని పోటీ స్ఫూర్తికి భంగం కలిగించేలా మాట్లాడినందువల్ల ఆమెను తప్పిస్తున్నామనీ ప్రకటించారు. మొదటి బహుమతి లిఫ్టు ఇంజనీరు కొడుక్కి వచ్చింది. ఎవరు చేశారని అడిగితే వాడు "నా చేతులతో నేనే చేశాను" అన్నాడు. మరి ఇది ఏ గ్రహం బాబూ అని అడిగితే, "నా చేతులతో నేనే చేశాను" అన్నాడు. అంత నిలకడ గల కుర్రవాడని అందరూ మెచ్చుకున్నారు.

పళ్ళమేస్త్రిని ఓదార్చడానికి జనం బారులు తీరారు. అంత కష్టపడితే కన్నకూతురే నట్టేట ముంచిందే అని జాలిపడ్డారు. అప్పీలు వేద్దామని వకీలుగారు భుజం తట్టారు. ప్రధానోపాధ్యాయిని పక్కకి పిలిచి మెల్లగా చెప్పారు: "పిల్ల తెలివైనదేనండీ. కానీ ఇంట్లో కాస్త విలువలు నేర్పాలి."

దారి పొడుగునా ఆయన కూతురితో మాట్లాడలేదు. ఇంటికొచ్చాక కూడా మాట్లాడలేదు. భోజనానికి రమ్మంటే ఆకలి లేదన్నాడు. పిచ్చుక వెనక గది గుమ్మంలో నిలబడి, లోపల ప్లాస్టరు దవడల మధ్య తలవంచుకు కూర్చున్న తండ్రిని చాలాసేపు చూసింది. తన మూలంగానే నాన్న దిగులుపడ్డాడని దానికి అర్థమైంది. దగ్గరికెళ్ళి, "సారీ నాన్నా," అంది. ఆయన "సరేలే," అన్నాడు. దేనికి సారీ, ఏది సరే అని ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

నెల తిరక్కుండానే బడివారు వానచక్రం నమూనా ప్రకటించారు. సముద్రం, ఆవిరి, మేఘాలు, వాన, అన్నీ పిల్లలు తమ చేతులతోనే చేయాలి. ఇన్నాళ్ళూ పళ్ళమేస్త్రికి ఒకటే గుర్తొస్తోంది, చెత్తబుట్ట ముందు కూర్చుని ముక్కలు అతికించుకుంటున్న పిల్ల. అందుకని ఆ సాయంత్రం కొత్త బంకమన్ను పొట్లం కొనుక్కొచ్చి కూతురి ముందు పెట్టాడు.

"ఈసారి అంతా నువ్వే చెయ్యి తల్లీ. వంకరగా ఉన్నా, కరిగిపోయినా సరే. నేను ముట్టుకుంటే ఒట్టు."

పిచ్చుక టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు. పొట్లాన్ని మోచేత్తో ఆయన వైపు జరిపింది.

"నువ్వే చేసెయ్ నాన్నా. ఎవరు చేశారంటే నేను సరిగ్గా చెప్తాలే."

ఆయన కళ్ళు చెమర్చాయి. పొట్లం తీసుకుని వెనక గదిలోకి వెళ్ళి, లైటు వేసుకుని, ప్లాస్టరు కలపడం మొదలుపెట్టాడు. శుక్రవారానికల్లా మేఘాలు ఆరాలి, ఏం చేస్తాడు మరి? మీరు అంత జాలిగా చూడనక్కర్లేదు లెండి. మీ ఇంట్లో మేఘాలు ఎవరు చేస్తున్నారు?