ఏనుగు తరుగుదల

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే మరీ కంపెనీ పెట్టుకునేంత పెద్దది లెండి, ఒక వాగు ఉండేది. అది దాటించడానికి జంతువులన్నీ తలా ఒక వాటా వేసుకుని ఓ కంపెనీ పెట్టాయి. చైర్మన్ ఎలుగుబంటి నల్లంరాజు, ఆడిటర్ ముళ్ళపంది సూదయ్య. కంపెనీ ఆస్తి మాత్రం ఒక్కటే, భద్రం అనే ఏనుగు.

భద్రం వీపెక్కి వాగు దాటినవాళ్లు తలా ఒక పనసపండు ఇవ్వాలి. అందులో రోజుకు పది భద్రం మేత. మిగిలినవి నెలనెలా వాటాదారులు పంచుకునేవారు. దాన్ని డివిడెండు అనేవారు. వట్టి పనసపండ్లంటే మర్యాదగా ఉండదని.

పదేళ్లు హాయిగా గడిచాయి. ఒక ఉదయం సూదయ్య తన వీపు మీది ముల్లొకటి పీక్కుని, సిరాలో ముంచి, లెక్క తేల్చాడు.

"ఒరే భద్రం, నీ విలువ సున్నా."

"అదేంటయ్యగారూ! నిన్ననే గదా ఇరవైమందిని దాటించాను?"

"ఏ ఆస్తయినా వాడేకొద్దీ అరుగుతుంది. అందుకని ఏటేటా పదోవంతు తరుగుదల రాస్తాం. నువ్వొచ్చి పదేళ్లు. నేటితో పూర్తిగా తరిగిపోయావు."

భద్రం వెనక్కి తిరిగి తన ఒళ్లు చూసుకున్నాడు. నిరుటికంటే జానెడు ఎక్కువే ఉంది.

"నేను లావెక్కానండీ."

"అది నీ సొంత విషయం. కంపెనీకి సంబంధం లేదు."

"ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు గదండీ. మధ్యలో ఈ సున్నా ఎక్కణ్ణించి వచ్చింది?"

"అది సామెత. ఇది ఆడిట్."

పక్కనే ఉన్న నల్లంరాజు కళ్లు మెరిశాయి. "అయితే సూదయ్యా, విలువ లేనివాడికి మేతెందుకు?"

"దండగండీ. కొట్టేశాను. రోజుకు పది పండ్లు లాభం!"

చుట్టూ చేరిన వాటాదారు కోతులు చప్పట్లు కొట్టాయి.

"మరి రేపట్నించి నేను పనిలోకి రానక్కర్లేదాండీ?" అన్నాడు భద్రం.

"రాకపోతే ఎలారా? లేనిది పుస్తకంలోనే. వాగులో ఉన్నావుగా!" అన్నాడు చైర్మన్.

పాపం, వారం రోజులు పస్తులతోనే మోశాడు. అడవిలో ఆకులకేం కరువంటారా? మేయడానికి గంట వదిలితేగా! నాలుగో రోజున ఒక కోతిని మోస్తూ నడివాగులో ఏడ్చేశాడు. కోతి మాత్రం, "ఆ కుదుపులు కాస్త తగ్గించవోయ్," అని విసుక్కుంది.

డివిడెండు రోజు వచ్చింది. ఒడ్డున మూడొందల పండ్లు గుట్టపోశారు. చైర్మన్ ఉపన్యాసం ఎత్తుకున్నాడో లేదో, భద్రం తిన్నగా వచ్చి గుట్ట ముందు కూలబడ్డాడు. తొనలు, తొక్కలు, గింజలు, ఏదీ వదల్లేదు.

"ఓరి దొంగా!" నల్లంరాజు గుండెలు బాదుకున్నాడు. "సూదయ్యా, రాయి! భద్రం తినేశాడని రాయి!"

సూదయ్య గబగబా పుస్తకం తిరగేశాడు. "ఎలా రాయనండీ? మన పుస్తకంలో ఏనుగే లేదు."

"కళ్లెదురుగా నములుతున్నాడు కదయ్యా!"

"నమిలితే చాలదండీ. ఉన్నాడని రాస్తే పదేళ్ల లెక్కలూ తప్పవుతాయి. నా సంతకం పరువేం కాను?"

ఆఖరికి ముల్లు మూడుసార్లు ముంచి ఇలా రాశాడు: 'పనసపండ్లు మూడువందలు. ఒక్క పూటలో నూటికి నూరుపాళ్లు తరుగుదల.' కోతులు అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టాయి.

మర్నాడు నల్లంరాజే రేవుకొచ్చి బతిమాలాడు. "బాబూ భద్రం, నిన్ను మళ్లీ పుస్తకంలోకి ఎక్కిస్తాం. విలువ వెయ్యి వేస్తాం. రోజుకు పది పండ్లు!"

భద్రం తృప్తిగా త్రేన్చాడు. "వద్దండయ్యగారూ. ఎక్కితే మళ్లీ తరగాలి. నాకు ఇలాగే బావుంది." ఆ పూట నలుగురిని దాటించి, నాలుగు పండ్లూ తనే తిన్నాడు. సూదయ్య తల పక్కకి తిప్పుకున్నాడు.

నీతి: పిడికెడు మేత చాలనుకుంటే పుస్తకంలో ఉండండి, కడుపు నిండాలంటే పుస్తకంలో లేకుండా పోండి.