పాపప్ డబ్బాలో రెండో వరుస

మొన్న ఆదివారం మన బ్యాచ్ భోజనానికి నేనెందుకు రాలేదని అందరూ అడుగుతున్నారు. హనుమాన్ జంక్షన్ హోటల్లో నా కుర్చీలో ఖాళీ ప్లేటు పెట్టి, దానికి దండ వేసి, ఫొటో తీసి గ్రూపులో పెట్టిన గంగరాజుకి ప్రత్యేక కృతజ్ఞతలు. చెబుతాను, వినండి. నవ్వులు చివర్లో పెట్టుకోండి.

మా ఇంట్లో చివరి మాట నాదేనని మీ దగ్గర గొప్పలు పోయాను కదా! సరిగ్గా ఆ చివరి మాట దగ్గరే దెబ్బ తిన్నాను.

నూజివీడు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది నేనే అయినా, ఇంట్లో ఉన్న సిస్టమ్ మాత్రం మా ఆవిడ సాయిప్రియది. వాళ్ళ నాన్న బసవపున్నారావుగారికి జి. కొండూరులో మామిడి తోట ఉంది. ఎండాకాలం వస్తే ఆ కాయకి ఆర్డర్లన్నీ ఈవిడ సిస్టమ్ ముందు కూర్చుని తీసుకుంటుంది. అప్పుడు నేనేం చెప్పినా "ఊఁ" అంటుంది. ఇల్లు తగలబడుతోందన్నా "ఊఁ" అంటుంది.

నోటితో చెబితే వినదు కాబట్టి తెర మీద చెబుదామనుకున్నాను. తెర మధ్యలో టక్కున ఒక డబ్బా ఊడిపడుతుంది. అందులో నా మాట, కింద "సరే" అని ఒకే ఒక్క బటన్. అది నొక్కితేగానీ డబ్బా పోదని నా లెక్క. మా ఆవిడ చేత "సరే" అనిపించడానికి పెళ్ళయినప్పటి నుంచీ నాకు ఇంతకన్నా మంచి మార్గం కనబడలేదు.

డబ్బాలో మాట పొడుగ్గా సాగిపోతే ఎవరూ చదవరు, వరుసలుగా విడగొట్టాలి. కోడ్‌లో విడగొట్టాల్సిన చోట ఎడమకి వాలిన గీత పెట్టి పక్కన ఇంగ్లీషు ఎన్ రాయాలి. పిల్లలకి రోజూ చెప్పే పాఠమే. ఇంట్లో రాసేసరికి గీత కుడికి వాలింది.

"ఏమండీ, ఇదేంటి? ప్రియ బై ఎన్, తలనొప్పి బై ఎన్, టీ బై ఎన్ అని వచ్చింది?"

"టీ కావాలని, ప్రియా. చిన్న పొరపాటు."

"మరి మీ టీని ఎంతమందికి పంచాలండీ?"

పావు గ్లాసు టీ తెచ్చిచ్చింది. మిగతాదేదని అడిగితే, ఎన్‌కి ఇచ్చేశానంది.

"అయితే ఆ గీత ఎటు వాలాలండీ?" అని కూడా అడిగింది. భార్య అడిగి మరీ పాఠం చెప్పించుకోవడం ఏ లెక్చరర్‌కి దక్కుతుంది చెప్పండి! పొంగిపోయాను. ఏ ఫైల్లో రాయాలి, వరుస ఎలా విడగొట్టాలి, బటన్లు ఎలా మార్చాలి, అన్నీ చూపించాను. "ఊఁ" అంటూ వింది. అది మామూలు "ఊఁ" కాదని నా మట్టిబుర్రకి తట్టలేదు.

ఈలోగా మీ భోజనాల కబురు వచ్చింది. అదే రోజు తోటలో బంగినపల్లి కోత.

"నాన్నకి మోకాలు వాచిందండీ. ఆదివారం మీరు వెళ్ళి దగ్గరుండాలి."

"చూద్దాం."

"చూద్దామంటే?"

"చూద్దామంటే... చూద్దామని."

"నేను వెళ్తే ఇక్కడ పెట్టెలు ఎవరు పంపుతారు? కాదంటే కాదని చెప్పండి!"

కాదనే ధైర్యం నా నోటికి లేదుగానీ వేళ్ళకి ఉంది. శుక్రవారం పొద్దున కాలేజీకి బయల్దేరే ముందు ఇలా రాశాను:

ఆదివారం తోటలో నేనే దగ్గరుండి కాయ కోయిస్తాను
అని మాత్రం ఆశ పెట్టుకోకు.
స్నేహితులతో జంక్షన్‌లో భోజనానికి వెళ్తున్నాను.

గీతలన్నీ ఎడమకే వాలాయని మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. సాయంత్రానికి డబ్బా ఊడిపడేలా పెట్టి, ఫైలుకి "సర్‌ప్రైజ్" అని పేరు పెట్టి, ఆవిడ రోజూ చూసే తెర మీదే వదిలేసి వెళ్ళాను. నా తెలివికి ఇంకేం సాక్ష్యం కావాలి?

సాయంత్రం కర్టెన్ చాటున నిలబడ్డాను. డబ్బా వచ్చింది. మొదటి వరుస వచ్చింది. మిగతా రెండూ రాలేదు. సిస్టమ్ పాతది కదా, నిదానంగా వస్తాయేమోనని కాసేపు చూశాను. ఈలోపు ఆవిడ "సరే" నొక్కేసింది.

"ఏమండీ! మీరింత మంచివారని నాకు తెలీదు సుమండీ!"

"ప్రియా, కింద ఇంకా ఉందే..."

"ఇంకేముంటుంది? ఒక్క ముక్కలో చెప్పేశారుగా!" అంటూనే ఫోన్ చెవికి పెట్టేసింది. "నాన్నా, మీ అల్లుడుగారే వస్తున్నారు!"

స్పీకర్లో మామగారి గొంతు వినబడింది. "అల్లుడుగారూ, మీరీ మాటన్నారు చూడండీ, నా మోకాలు నొప్పి సగం తగ్గిపోయింది."

ఆ మాట వెనక "అని మాత్రం ఆశ పెట్టుకోకండి" అని తగిలించే మొనగాడు మన నూజివీడులో ఇంకా పుట్టలేదు. డబ్బాలో వరుస తప్పితే దిద్దుకోవచ్చు. మామగారితో వరుస తప్పితే దిద్దే భాష నాకు రాదు.

ఆదివారం మీరు బిర్యానీ తింటున్న వేళకి నేను చెట్టు కింద నోరు తెరుచుకుని పైకి చూస్తున్నాను. కాలర్లోంచి ఎర్రచీమలు దిగాయి. కాయ తొడిమ సొన పడి చెంప మండిపోయింది. కోతవాళ్ళ పెద్ద చిన్నరాయప్ప "ఈ చెట్టు కూడా కోసేయమంటారా బాబూ?" అని అడిగినప్పుడల్లా "సరే" అన్నాను. నులకమంచం మీద కూర్చున్న మామగారు "అయ్యయ్యో, అల్లుడుగారూ, అది రసాల చెట్టండీ, ఇంకా పక్వానికి రాలేదు!" అని కేకేసేదాకా అంటూనే ఉన్నాను.

ఇంటికొచ్చాక మొహమైనా కడుక్కోకుండా సిస్టమ్ ముందు కూర్చున్నాను. పిల్లలకి పాఠం చెప్పేవాడి కోడ్‌లో తప్పా? ఆ తప్పేంటో తేల్చందే అన్నం ముట్టనని భీష్మించుకున్నాను. ఫైలు తెరిచీ తెరవగానే డబ్బా ఊడిపడింది. వరుసలు ముచ్చటగా విడిపోయి ఉన్నాయి.

మీ కోడ్‌లో తప్పేం లేదండీ.
రెండో వరుసా మూడో వరుసా నేనే తీసేశాను.
వచ్చే ఆదివారం రసాల కోత. మీరే వెళ్ళాలి.

కింద రెండు బటన్లు. ఒకటి "సరే", రెండోది "అలాగే".

చప్పుడు చేయకుండా డబ్బా మూల, దాన్ని మూసేసే ఇంటూ గుర్తు కోసం వెతికాను.

"దాన్ని కూడా తీసేశానండీ!" అని వంటింట్లోంచి వినబడింది.

"అలాగే" నొక్కాను. కాస్త గౌరవంగా ఉంటుందని.