ముప్పై ఏడో ఫారం

వనరుల అర్థశాస్త్రాన్నీ వ్యాపార నిర్వహణనూ కలిపి బోధించే మా రెండేళ్ల పీజీ కోర్సులో పట్టా చేతికి రావాలంటే, చివరి ఆరు నెలల్లో చేయవలసిన పనులు ఇవి. ఒక ప్రకృతి వనరును ఎంచుకోవాలి. దానికి ఖరీదు కట్టాలి. అందుకోసం వంద మందిని ప్రశ్నలడగాలి. వచ్చిన సమాధానాల్లో పనికొచ్చేవి ఉంచుకోవాలి. నీలం అట్టతో మూడు ప్రతులు బైండు చేయించాలి. కృతజ్ఞతల పుటలో ముందు ఆర్థిక సాయం చేసిన సంస్థను, తరువాత గైడు గారిని, చోటు మిగిలితే తల్లిదండ్రులను తలచుకోవాలి. వైవా రోజున పరీక్షాధికారులకు టీతో పాటు ఉప్పు బిస్కెట్లు, తీపి బిస్కెట్లు విడివిడి పళ్లేల్లో పెట్టాలి. వీటిలో ఏ ఒక్కటీ నేను విస్మరించలేదని సవినయంగా మనవి చేస్తున్నాను.

మా కోర్సు చాలా సమతూకమైనది. నీళ్లను, చెట్లను, మట్టిని ఎలా కాపాడాలో పొద్దున పూట చెప్పేవారు. వాటిని లాభసాటిగా ఎలా మార్చాలో మధ్యాహ్నం పూట చెప్పేవారు. మధ్యలో గంటసేపు భోజన విరామం ఉండేది కాబట్టి ఈ రెండు పాఠాలూ ఎన్నడూ ఎదురుపడి పోట్లాడుకోలేదు. నేను ఒకే నోటుపుస్తకంలో ముందువైపు నుంచి ఒకటి, వెనకవైపు నుంచి ఒకటి రాసుకునేదాన్ని. రెండూ మధ్య పేజీల్లో కలుసుకుంటాయనుకునేసరికి సెమిస్టరు అయిపోయేది.

మా వంశంలో కాలేజీ మెట్లెక్కింది నేనే. మా అమ్మ చాపలు నేస్తుంది. ఊరి చివరి మడుగులో తుంగ కోసి, ఎండబెట్టి, చీల్చి, మగ్గానికెక్కిస్తుంది. మా వీధిలో నలభై ఇళ్లు ఆ మడుగు మీదే బతుకుతాయి. నా మొదటి ఏడాది చదువు కూడా అందులోంచి మోపులు మోపులుగా వచ్చిందే. రెండో ఏడాది ఫీజు ఒక గోదాముల సంస్థ కట్టింది. పట్టా రాగానే ఉద్యోగం కూడా ఇస్తానంది. ఆ సంస్థకు మా మడుగు ఉన్న చోట గోదాము కట్టాలని ఉంది. ఈ రెండు సంగతులకూ ఏ సంబంధమూ లేదని మేనేజరు గారే స్వయంగా, ఎవరూ అడగకుండానే, రెండుసార్లు చెప్పారు.

పురపాలక సంఘం వారు న్యాయం తప్పని మనుషులు. మడుగును పూడ్చాలా వద్దా అన్నది శాస్త్రమే తేల్చాలన్నారు. సంస్థ ఇస్తానన్నది పన్నెండు లక్షలు. మడుగు ఖరీదు అంతకంటే ఎక్కువని తేలితే మడుగు ఉంటుంది, తక్కువని తేలితే పూడుతుంది. తేల్చే బాధ్యత విశ్వవిద్యాలయానికిచ్చారు. విశ్వవిద్యాలయం గైడు గారికిచ్చింది. గైడు గారు నాకిచ్చారు. "నీకు ఆ చుట్టుపక్కల బాగా తెలుసు కదమ్మా" అన్నారు. నిష్పాక్షికత కోసం మాత్రం ఏమీ తెలియనట్టు వెళ్లమన్నారు.

పద్ధతి చాలా సులువు. ఫారంలో రెండే ప్రశ్నలు. మడుగు ఉండాలంటే ఏడాదికి ఎంత కడతారు? మడుగు పోతే ఎంత తీసుకుని ఊరుకుంటారు? ఒక్కో ప్రశ్న కింద ఒక్కో గడి, గడిలో ఒక అంకె. ఇంత తేలికైన శాస్త్రం చేతిలో ఉండగా మా వీధివాళ్లు ఇన్ని తరాలుగా ఖరీదు తెలియకుండానే తుంగ కోశారంటే జాలి కలుగుతుంది.

మెడలో కార్డు వేసుకుని వీధి మొదటినుంచి మొదలుపెట్టాను. ముప్పై ఏడో ఫారం దగ్గరికి వచ్చేసరికి మా ఇల్లు వచ్చింది. తలుపు తట్టాను.

"నమస్కారమండీ. విశ్వవిద్యాలయం నుంచి వచ్చాను" అన్నాను నియమం ప్రకారం.

"వస్తే వచ్చావు గానీ, ఆ చెప్పులు బయట విడువు" అంది అమ్మ మగ్గం మీంచి తలెత్తకుండా.

మొదటి ప్రశ్న చదివాను.

"ఉన్నదాన్ని ఉండనివ్వడానికి కట్టేదేంటే? నన్ను ఇంట్లో ఉండనిస్తున్నందుకు నువ్వు నెలకెంత కడుతున్నావు?"

గడిలో సున్నా వేసి రెండోది చదివాను.

"ఎంతిచ్చినా వద్దు."

"అలా కాదమ్మా, ఏదో ఒక అంకె చెప్పు. వద్దు అని రాయడానికి గడి లేదు."

"లేకపోతే గీసుకో. ఇన్నేళ్లు చదివించాను, నాలుగు గీతలు గీయడం రాదా?"

పక్కన కూర్చుని చాప అంచు కుడుతున్న ఎదురింటి పిన్ని కిసుక్కున నవ్వింది. "మమ్మల్నడిగావు సరే, కప్పల్నడిగావుటే? అసలు కాపురం వాటిదేగా! నాది కూడా మీ అమ్మ మాటే, రాసుకో. రాసుకుని లోపలికెళ్లి అన్నం తిను, మొహం పీక్కుపోయింది."

అమ్మ ఫారం అడుగున స్కేలు పెట్టి నాలుగు గీతలు గీశాను. ఆ గడిలో "ఎంత ఇచ్చినా వద్దు" అని గుండ్రంగా రాశాను. ఆ తర్వాత అన్నం తిన్నాను.

వంద ఫారాల్లో ఎనభై ఒకటి ఇదే వరస. గైడు గారు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "ఇవి సమాధానాలు కావమ్మా, నిరసనలు. నిరసనకు సగటు కట్టలేం. తీసెయ్" అన్నారు.

"సార్, అవి తీసేస్తే పంతొమ్మిదే మిగులుతాయి."

"శాస్త్రానికి కావలసింది సంఖ్య కాదు, శుభ్రత." అంటూనే పై ఫారం చేతిలోకి తీసుకున్నారు. "ఈ అదనపు గడేంటి? ఎవరీవిడ?"

"ఎవరో సార్, చాపలు నేసేవాళ్లు" అన్నాను.

కంప్యూటరులో ఒక్కొక్కటీ తొలగించాను. నిజంగా తీసేయమంటారా అని అది ఎనభై ఒక్కసార్లూ అడిగింది. మర్యాద తెలిసిన యంత్రం.

మిగిలిన పంతొమ్మిది మందీ ఆణిముత్యాలు. మడుగులో ఎన్నడూ కాలుపెట్టని కారణంగా వారి అభిప్రాయానికి మట్టి అంటలేదు. పద్నాలుగు మంది ఎదుటి మేడల్లో ఉంటారు. దోమలతో వేగలేక మడుగు పోతే చాలన్నారు, అయినా గడి ఖాళీగా ఉంచితే బాగుండదని తలా ఒక అంకె వేశారు. నలుగురు నన్ను తొందరగా వదిలించుకోవడానికి వేశారు. ఆఖరాయన బస్సు కోసం నిలబడి ఉన్న పొరుగూరి మనిషి. "ఏ మడుగండీ?" అని అడిగి, అందరికంటే పెద్ద అంకె వేసి బస్సెక్కారు. శాస్త్రం ప్రకారం మా మడుగును ప్రాణప్రదంగా ప్రేమించింది ఆయనే. అన్నీ కూడి, సగటు కట్టి, ఊరి జనాభాతో హెచ్చవేస్తే పదకొండు లక్షల నలభై వేలు తేలింది.

వైవాకు అతిథిగా వచ్చిన సంస్థ మేనేజరు గారు ఉప్పు బిస్కెట్టు చేత్తో పట్టుకుని ప్రసంగించారు: "ప్రకృతిని అందరూ ప్రేమిస్తారు. కానీ లెక్కప్రకారం ప్రేమించింది ఈ అమ్మాయి ఒక్కతే! శాస్త్రం కట్టిన ధర మీద మేము అరవై వేలు ఎక్కువే సమర్పించుకుంటున్నాం. దీన్ని వ్యాపారం అంటారా? ఇది ఆరాధన!" చప్పట్లు మోగాయి. నాకు ప్రథమ శ్రేణి వచ్చింది. గోదాములో పర్యావరణ విభాగపు సహాయ అధికారిణిగా ఉద్యోగం వచ్చింది. మడుగు పూడింది. గోదాము గోడ మీద నా సలహా మేరకే పచ్చరంగు వేశారు.

తొలి వానకు నీళ్లు అలవాటు కొద్దీ మడుగు కోసం వచ్చాయి. అది కనబడలేదు. దాని తర్వాత ఊళ్లో పల్లపు చోటు విశ్వవిద్యాలయం కింది అంతస్తు కావడం వల్ల అక్కడికి వెళ్లాయి. పరిశోధన గ్రంథాలన్నీ ఉండేది అక్కడే. అధికారులు వెంటనే స్పందించి, వరదల నిర్వహణ మీద ఒక కొత్త పేపరు ప్రవేశపెట్టారు. తడిసిన పుస్తకాలు ఆరబెట్టడానికి మాత్రం చాపలు కావలసి వచ్చాయి. అమ్మ తన దగ్గర మిగిలిన ఆఖరి తుంగచాపలు నెత్తిన పెట్టుకుని వచ్చింది.

పుస్తకాలు పరుస్తుంటే నా నీలం అట్ట దొరికింది. అమ్మకు చదువు రాదు, అంకెలొచ్చు. "నేనెక్కడున్నానే ఇందులో?" అంది.

అనుబంధంలో ఆఖరి పట్టిక కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న వరస చూపించాను. పరిగణనలోకి తీసుకోనివి: 81.

అమ్మ ఆ అంకె మీద వేలు పెట్టింది. "అబ్బో, ఇంతమందిమి ఒక్కమాట మీద ఉన్నామా!" అని మురిసిపోయింది. "మరి గడి గీశావా?"

"గీశానమ్మా" అన్నాను. అది అబద్ధం కాదు.

పాఠకులకు ఒక విన్నపం. మెడలో కార్డు వేసుకున్న అమ్మాయి ఎవరో రేపు మీ గుమ్మంలోకి వచ్చి, మీరు అమ్మదలచుకోని దాని ఖరీదెంతో చెప్పమంటుంది. ఆ పిల్ల ఎండన పడి వచ్చి ఉంటుంది. మీకేమో పొయ్యి మీద పాలు పొంగుతుంటాయి. ఏదో ఒక అంకె వేసి పంపేద్దామనిపిస్తుంది. పంతొమ్మిది మంది మర్యాదస్తులు చేసిందీ అదే. కలం గడిలో పెట్టేముందు ఒక్కసారి ముప్పై ఏడో ఫారాన్ని తలచుకోండి. నా పుస్తకంలో కృతజ్ఞతల పుట సంస్థతో, గైడు గారితో నిండిపోయింది. ఆవిడకు చోటు మిగలలేదు.